‘పెద్దనాయన చీటీ రాస్తే బస్తా ఇవ్వాలా, వద్దా?’

ఏడు పేజీల ఉత్తరం ఇది, 2025 వానాకాలం నాటిది. నల్లగొండ జిల్లాలో సాగర్ ఎడమ కాలువ నీళ్లు పారే ఒక మండలం నుంచి వచ్చింది. రాసిన ఆమెకు ముప్పై నాలుగేళ్లు. ఊరి ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘంలో పదకొండేళ్లు అసిస్టెంటుగా చేశారు. పాత సెక్రటరీ రిటైర్ కావడంతో పోయిన మార్చిలో ఇన్‌చార్జి సీఈవో అయ్యారు. పేరు, ఊరు వద్దన్నారు. గుర్తుపట్టే వివరాలు కొన్ని నేనూ మార్చాను.

కుర్చీలో కూర్చున్న వారానికే ఆమె సొంత డబ్బుతో ఐదు కొత్త రిజిస్టర్లు కొన్నారు. రోజూ సాయంత్రం ఎరువుల నిల్వ, నగదు, గన్నీ సంచులు లెక్కగట్టి రాయాలని స్టాఫ్‌కు చెప్పారు. పదిహేను రోజులు నడిచింది. తర్వాత గోదాం చూసే అతను, అంటే చైర్మన్ బామ్మర్ది, రాయడం మానేశాడు. అడిగితే నవ్వాడట. ఆగస్టులో యూరియా కరువు వచ్చింది. సంఘం ముందు తెల్లవారుజాము నుంచే లైన్లు, లైన్లో మనుషులకు బదులు చెప్పులు, పాస్‌బుక్ జిరాక్స్‌లు. అప్పుడే చైర్మన్ చీటీలు మొదలయ్యాయి. సిగరెట్ పెట్టె అట్టముక్క మీద ‘2 బస్తాలు’ అని రాసి సంతకం. ఆ చీటీ తెచ్చినవాడు లైన్లో నిలబడడు, ఎరువు అమ్మకాన్ని వేలిముద్రతో నమోదు చేసే ఈ-పాస్ మిషన్ మీద వేలు పెట్టడు. ఇప్పుడు మిషన్‌లో నిల్వ 186 బస్తాలు, గోదాంలో ఉన్నవి 97. ఆమె డ్రాయర్‌లో 31 చీటీలున్నాయి, మొత్తం 71 బస్తాలకు. వడ్లు నింపే గన్నీ సంచులు చార్జ్ లిస్టు (బాధ్యత అప్పగించేటప్పుడు రాసుకునే జాబితా) ప్రకారం ఉండాల్సినదానికి దాదాపు 1,500 తక్కువ.

చైర్మన్ ఆమె తండ్రికి చిన్ననాటి దోస్తు. ఆమె ఆయన్ని పెద్దనాయన అంటారు, ఆయన ఆమెను బిడ్డా అంటారు. 2020 ఫిబ్రవరి ఎన్నికల్లో ఒక పార్టీ మద్దతుతో గెలిచి, 2023 డిసెంబరులో ప్రభుత్వం మారాక కండువా మార్చారు. పదమూడు మంది డైరెక్టర్లలో ఐదుగురు ఆయనతో రాలేదు. ఆ ఐదుగురిలో ఒకాయన ఆమెకు రాత్రిళ్లు ఫోన్ చేసి, ‘ఆ చీటీల ఫోటోలు వాట్సాప్‌ల పెట్టు చెల్లే, మిగిలింది మేం చూసుకుంటం’ అంటున్నారట. రిజిస్టర్ల సంగతి ఎత్తినప్పుడు చైర్మన్ అడిగిన ప్రశ్న ఒక్కటే: ‘ఇవన్నీ నీతోని ఎవలు పెట్టిస్తున్నరు బిడ్డా?’ ఇంకో మూడు వారాల్లో వానాకాలం వడ్ల కొనుగోలు కేంద్రం తెరవాలి. నిద్ర పట్టడం లేదు. తండ్రి ‘ఊళ్లె బతకాలె గదా’ అంటున్నారు. ఏం చేయమంటారు అని ఆమె ప్రశ్న.

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. సహకార శాఖలో ఆడిట్ చేసినవాణ్ని కాబట్టి రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. మీరు రాసిన అంకెల్లో మీరే చూడని అంకె ఒకటుంది. మిషన్‌కూ గోదాంకూ తేడా 89 బస్తాలు. చీటీల లెక్క 71. మిగతా 18 బస్తాలకు చైర్మన్ చీటీ కూడా లేదు. గరిష్ఠ ధర బస్తాకు 266 రూపాయల 50 పైసల చొప్పున వేస్తే అది 4,797 రూపాయలు. డబ్బుగా చూస్తే చిన్నదే. కానీ ఆ 18 బస్తాలు చైర్మన్‌కు కూడా తెలియకుండా పోయి ఉండొచ్చు. పెద్దమనిషి చీటీ రాయడం మొదలుపెడితే ఆ చీటీ నీడలో ఇంకెవరో నాలుగు బస్తాలు పక్కకు జరుపుతారు. లెక్క అడిగితే ‘చైర్మన్ సాబు పంపిండు’ అంటే అయిపోతుంది. దీన్ని గుర్తుపెట్టుకోండి, ఆయనతో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది.

మీరు మూడు పంచాయితీలను ఒకటిగా కట్టి మోస్తున్నారు. పాత సెక్రటరీ కాలం నాటి లోటు ఒకటి, ఇప్పుడు నడుస్తున్న చీటీలు ఒకటి, ఆ ఐదుగురి రాజకీయం ఒకటి. మూడూ కలిపితే ఎవరికైనా నిద్ర పట్టదు. దేనికది విడదీస్తే మందు వేరు, తొందర వేరు.

అన్నిటికన్నా తొందరైనది మీరు ఉత్తరంలో ఒక్క వాక్యంలో దాటేసిన విషయం. ‘మార్చిలో చార్జ్ తీసుకున్నప్పుడు సంచులు లెక్కపెట్టే టైం లేక రిజిస్టర్ ప్రకారం సంతకం చేశాను’ అన్నారు. ఆ సంతకంతో ఆ 1,500 సంచులు మీ మెడకు చుట్టుకున్నాయి. లోటు పాత సెక్రటరీ కాలంలో వచ్చిందో, యాసంగి సీజన్లో మీ కళ్ల ముందు వచ్చిందో ఇవాళ ఎవరూ చెప్పలేరు. సహకార సంఘాల చట్టం 1964లో 60వ సెక్షన్ ఉంది. సంఘానికి నష్టం వస్తే బాధ్యుల నుంచి వసూలు చేయడానికి అది పెట్టారు. దాని కింద పాలకవర్గమే కాదు, జీతం తీసుకునే ఉద్యోగీ వస్తాడు. నేను చూసినంతలో చివరికి నోటీసు చేరేది ఎక్కువసార్లు ఉద్యోగికే. చైర్మన్ నోటిమాటతో చెప్పి ఉంటాడు, సంతకం ఉద్యోగిది ఉంటుంది.

ఇంకోటి. 2020లో ఎన్నికైన మీ పాలకవర్గం ఐదేళ్ల గడువు దాటి 2025లో పొడిగింపు మీద నడుస్తోంది. ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. పెద్దనాయన రేపు మాజీ అవుతారు. లెడ్జర్ మాత్రం మీ పేరు మీదే ఉంటుంది.

సంచుల లోటు అనగానే దొంగతనం అనుకోకండి. మనవైపు సంచి నాలుగు దారుల్లో పోతుంది. టోకెన్ ఇచ్చినప్పుడు రైతు కల్లం దగ్గరికి 200 సంచులు పట్టుకుపోతాడు, 170 నింపుతాడు, ముప్పై ఇంటి అటక మీద ఉంటాయి. మిల్లు దగ్గర దింపుడులో కొన్ని ఆగిపోతాయి. కొన్ని చిరుగుతాయి, ఎలుకలు కొడతాయి. మిగిలినవి అమ్ముడవుతాయి. ఈ నాలుగూ ఒకే అంకెలో కలిసిపోయి ఉంటే ఎవరిని అడిగినా ఎదురు తిరుగుతారు. మరి విడదీయడం ఎలా?

మీ కొత్త రిజిస్టర్లను పక్కన పెట్టి హమాలీ మేస్త్రి దగ్గరికి వెళ్లండి. 90లలో పాలమూరు వైపు, కృష్ణ ఒడ్డు సంఘం ఒకదానికి ఆడిట్‌కు వెళ్లాను. స్టాక్ రిజిస్టర్ ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది, ఒక్క కొట్టివేత లేదు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. నిజంగా వాడే రిజిస్టర్‌కు ఎరువు మరక ఉంటుంది, కొట్టివేతలుంటాయి. గోదాంలోకి వెళ్తే తలుపు వెనక సుద్దముక్కతో గీతలు, నాలుగు నిలువు, వాటి మీద ఒక అడ్డం, అలా వరసలు వరసలు. హమాలీలు తమ కూలి కోసం గీసుకున్న లెక్క. రెండు గంటలు కూర్చుని ఎంచాను. గోదాంలో ఉన్న బస్తాలకు ఆ సుద్ద గీతలు ఒక్కటి తేడా లేకుండా సరిపోయాయి, ముత్యాల రిజిస్టర్ సరిపోలేదు. హమాలీకి బస్తా లెక్కన కూలి. వాడు తక్కువ రాసుకోడు, మేస్త్రి ఎక్కువ రాయనివ్వడు. మీ దగ్గర కూడా యాసంగి ఎగుమతి కూలి చెల్లించిన వోచర్లు ఉంటాయి. ఎన్ని బస్తాలకు కూలి ఇచ్చారో చూడండి, ట్రక్ షీట్లలో మిల్లుకు పోయిన బస్తాలతో పోల్చండి. ఈ రెండూ కలిస్తే మీ సంచులు వడ్లతో నిండి బయటికి పోలేదు, ఖాళీగానే ఎక్కడో ఉన్నాయి, అంటే రైతుల ఇళ్లలోనో, అమ్మకంలోనో. కలవకపోతే సమస్య మిల్లు దారిలో ఉంది. ఒక పూట పని ఇది, ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరికీ మీ మీద అనుమానం రాదు.

ఇక చీటీలు.

మీరు దీన్ని ‘ఇవ్వాలా, మానాలా’ అని చూస్తున్నారు. అందుకే ప్రతి చీటీ వచ్చినప్పుడల్లా మీకూ పెద్దనాయనకూ మధ్య యుద్ధం. ఆయన ఎందుకు రాస్తారో ఆయన వైపు నుంచి కూడా చూడండి. ఎన్నికల్లో ఓటేసినవాడు తెల్లవారి ఇంటి ముందు నిలబడతాడు. ‘లైన్ల నిలబడు’ అంటే ఆ పూటతో ఆయన పెద్దరికం పోయింది. చీటీ రాయడం ఆయనకు మర్యాద నిలబెట్టుకోవడం. మీరు చీటీ వద్దంటే ఆ మర్యాద మీద చేయి వేసినట్టు ఆయనకు తోస్తుంది. అందుకే ‘ఎవలు పెట్టిస్తున్నరు’ అని అడిగారు. ఇలాంటి సంఘంలో కొత్త రిజిస్టర్ పెడితే అందులో ఏం రాశారో ఎవరూ చూడరు, అది ఏ వర్గం వారి రిజిస్టరో చూస్తారు. మీ ఐదు రిజిస్టర్లు మంచివే. కానీ ఎవరితో మాట్లాడకుండా, ఒకేసారి, కుర్చీ ఎక్కిన వారంలోనే పెట్టారు. గోదాం అతనికి అవి తన కోసం పన్నిన వలలా కనపడి ఉంటాయి. కొంత నిజం కూడా అంతే కదా.

చీటీ ఉండనివ్వండి, దాని పని మార్చండి. చీటీతో వచ్చినవాడు కూడా మిషన్ మీద వేలు పెట్టాకే బస్తా గోదాం దాటాలి. ఆయన సిఫారసు చేస్తారు, మిషన్ అమ్ముతుంది. అట్టముక్కల బదులు నంబరు వేసిన, కార్బన్ కాగితం ఉన్న చిన్న పుస్తకం అచ్చు వేయించి ఆయన చేతికే ఇవ్వండి. ‘చైర్మన్ సిఫారసు’ అని పైన అచ్చు ఉంటే ఆయనకు సంతోషమే. నంబరు ఉంది కాబట్టి ఆ చీటీ నీడలో పక్కకు జరిగే 18 బస్తాలు ఆగిపోతాయి. లైన్లో నిలబడ్డవారికి అన్యాయం దీంతో పూర్తిగా పోదు, నాకు తెలుసు. రోజుకు ఇన్ని చీటీలకు మించొద్దని తర్వాత తీర్మానం పెట్టొచ్చు. ముందు బస్తాకు వేలిముద్ర పడనివ్వండి.

ఆయన ఎందుకు ఒప్పుకుంటారంటారా? ఆయనకు అవసరం ఉంది కాబట్టి. మిషన్‌లో 186 బస్తాలు కనిపిస్తుంటే కొత్త లోడు అడిగినప్పుడు పైవాళ్లు ‘మీకు ఉంది కదా’ అంటారు. లారీ పక్క మండలానికి పోతుంది. ఆయన చీటీలే ఆయన ఊరికి రావలసిన లారీని ఆపుతున్నాయి. ఇది మీ నోటి నుంచి ఆయన చెవిన పడాలి, నలుగురిలో కాదు, ఇంటి అరుగు మీద: ‘పెద్దనాయనా, మిషన్ల 186 సూపెడ్తుంది, గోదాంల 97 ఉన్నయి. నువ్వు రాసినయి 71. ఇంక 18 నీ పేరు చెప్పి ఎవరో తీసుకపోయిన్రు. మిషన్ సాఫ్ కాకుంటే మనకు లారీ రాదు.’ బామ్మర్ది పేరు మీరు ఎత్తొద్దు. ఆయనే ఎత్తుతారు.

మిషన్ సాఫ్ చేయడం దగ్గర మాత్రం జాగ్రత్త. మామూలుగా నడిచే దారి నాకు తెలుసు. రెండు బస్తాలకు వచ్చిన రైతు వేలు పెట్టగానే ఐదు కొన్నట్టు ఎంట్రీ కొట్టి నిల్వ దించేస్తారు. మీ సేల్స్‌మన్ కూడా మీకు ఈ సలహా ఇచ్చే ఉంటాడు. ఒప్పుకోవద్దు. యూరియా ఎక్కువ కొన్నట్టు కనిపించేవారి జాబితాలు తీసి విచారణకు పంపుతారు. అప్పుడు మండల వ్యవసాయ అధికారి (ఏవో) వచ్చి మూడెకరాల ముసలాయనను ‘ఇన్ని బస్తాలు ఏం చేసినవ్’ అని అడుగుతారు. ఎరువుల మీద 1985 నాటి నియంత్రణ ఉత్తర్వు ఉంది, దాని వెనక నిత్యావసర సరుకుల చట్టం ఉంది. చీటీ మీద బస్తా ఇవ్వడం తప్పు. పక్కవాడి వేలితో ఎంట్రీ కొట్టడం మోసం, అందులో మీ లాగిన్ ఉంటుంది. 71 బస్తాలకు చీటీలు ఉన్నాయి కదా, మిషన్ ముట్టుకోకముందే మండల ఏవోకు తేడా ఉందని రాతపూర్వకంగా చెప్పి, ఎలా సరిచేయాలో ఆయన్నే అడగండి. ఏవో మందలించొచ్చు. లైసెన్సు మీద నోటీసూ రావొచ్చు. మీరే ముందు చెప్పారన్నది కాగితం మీద ఉంటుంది. తనిఖీలో దొరకడం వేరు.

రాత్రి ఫోన్లు చేసే డైరెక్టర్ గారి సంగతి. ఆయన చెడ్డవాడని నేను అనను. లెక్క అడగడం డైరెక్టర్ పని, ఆఫీసుకు వచ్చి పుస్తకాలు చూస్తాననే దారి ఆయనకు ఉంది. ఆ మాటే ఆయనకు చెప్పండి: ‘అన్నా, మీటింగ్‌ల అడుగు, పుస్తకం టేబుల్ మీద పెడ్త. కాపీ కావాల్నంటే దరఖాస్తు పెట్టు.’ ఫోటోలు మాత్రం పంపొద్దు. పంపిన రోజు నుంచి మీరు ఆయన వర్గం మనిషి. ఆ ముద్ర పడితే మీరు తర్వాత చెప్పే నిజం కూడా ఆ వర్గం నిజంగానే చెలామణి అవుతుంది. పైగా ఎల్లుండి గాలి మారి ఆయనే చైర్మన్ అయితే, ఫోటోలు పంపే సీఈవోను ఆయన మాత్రం నమ్ముతారా?

దీనికి నాకు తోచిన విరుగుడు చాలా చవకైనది. సంఘం గోడ మీద నల్లబోర్డు. రోజూ సాయంత్రం ఆరింటికి మూడు అంకెలు: పొద్దున నిల్వ, ఇవాళ అమ్మినవి, మిగిలినవి. కొనుగోలు కేంద్రం తెరిచాక దాని కింద సంచుల లెక్క. ఈ వర్గం ఆ వర్గం అందరూ చూస్తారు, పాల కేంద్రానికి పోయే ఆడవాళ్లూ చూస్తారు. ఫోటో కావలసినవాడు బోర్డును తీసుకుంటాడు. గోడ మీద ఉన్నదాన్ని రహస్యంగా అమ్మడం కుదరదు.

కంప్యూటర్ పెట్టాక ఇవన్నీ ఎందుకని మీరు అనొచ్చు. సంఘాలను కంప్యూటరీకరించే పథకానికి కేంద్రం 2022 జూన్‌లో ఒప్పుకుంది, 63 వేల సంఘాలకు 2,516 కోట్లు అన్నారు. మంచిదే, నేను వ్యతిరేకిని కాను. కానీ చీటీ అట్టముక్క మీద ఉంటే కంప్యూటర్‌కు దాని సంగతి ఎలా తెలుస్తుంది?

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. ఏమీ చేయకుండా పాలకవర్గం పోయేదాకా ఓపిక పట్టడం ఒకటి. మీ నాన్నగారు చెప్పేది ఇదే. ఊళ్లో సంబంధాలు నిలుస్తాయి, బతుకమ్మకు పెద్దనాయన ఇంటికి పోవచ్చు. కాకపోతే మళ్లీ యూరియా కరువు వస్తే 89 కాస్తా 300 అవుతుంది, అప్పటికి సంతకాలన్నీ మీవే.

జిల్లా సహకార అధికారికి నేరుగా ఫిర్యాదు చేయడం రెండోది. 51వ సెక్షన్ కింద విచారణ వేస్తే అన్నీ తెరుస్తారు, మార్చిలో మీరు లెక్కపెట్టకుండా పెట్టిన సంతకంతో సహా. వడ్ల సీజన్ మధ్యలో విచారణ వస్తే రైతులు మిమ్మల్నే తిడతారు. అయినా ఈ దారి మూసేయకండి. దొంగ ఎంట్రీ కొట్టమని గానీ, చీటీలు చించేయమని గానీ మిమ్మల్ని ఒత్తిడి చేస్తే అదే రోజు రాయాలి, అక్కడ పెద్దనాయనా లేడు, బిడ్డా లేదు.

మూడోది, ఇన్‌చార్జి వద్దని పాత సీటుకు పోవడం. అందులో సిగ్గుపడేది ఏమీ లేదు. ఇద్దరు పిల్లలు, బీపీ మాత్రలు అని రాశారు. ఆరోగ్యం ముందు. అయితే దిగేటప్పుడు కూడా చార్జ్ అప్పగించాలి. మీరు తీసుకున్నట్టు కళ్లు మూసుకుని మాత్రం అప్పగించొద్దు.

నాలుగోది నేను పైన చెప్పిన నెమ్మదైన పని: సిఫారసు పుస్తకం, బోర్డు, నెలకోసారి పాలకవర్గం ముందు లెక్క. ఇది పనిచేస్తుందని హామీ ఇవ్వలేను. చైర్మన్ నవ్వి పుస్తకం డ్రాయర్‌లో పడేయొచ్చు. నేను ఒక చోట ఇదే చేయిస్తే ఆ చైర్మన్ నంబరు పుస్తకం ఒకటి వాడుతూ అట్టముక్కలూ రాశాడు. కానీ ఆ సీఈవో బోర్డు రాయడం ఆపలేదు. ఆరు నెలలకు అట్టముక్కలు తెచ్చినవాళ్లే బోర్డు దగ్గర అంకెలు చూసి ‘ఇవాళ మాకు లేవట’ అని తిరిగిపోవడం మొదలుపెట్టారు.

కాంటా విషయం కూడా రాశారు, 40 కిలోల బస్తాకు కిలో అదనంగా తూస్తున్నారని. ‘ఎ’ గ్రేడు వడ్ల మద్దతు ధర 2025-26కు క్వింటాలుకు 2,389 రూపాయలు, అంటే ఆ కిలో రైతుకు 24 రూపాయలు. 600 బస్తాల లారీకి పద్నాలుగు వేలు దాటుతుంది. అన్యాయమే. కానీ అందులో మిల్లు కోత ఉంది, తేమ ఉంది, తాలు ఉంది. మీ ఒక్కరి చేతిలో లేదు. ఈ సీజన్‌లో యూరియా, సంచులు, కాంటా మూడూ ఒకేసారి ఎత్తుకుంటే మూడు వర్గాలూ మీ మీద ఏకమవుతాయి. ఈసారికి ఎంత తూశారో రైతు చిట్టీ మీద కచ్చితంగా రాయించండి, అదనపు కిలో కూడా కనపడేటట్టు. అంతవరకే.

మీరు ఏ దారి పట్టినా కొనుగోలు కేంద్రం తెరవకముందు చేయాల్సిన పని ఒకటి మిగిలి ఉంది. మీ సంతకాన్ని సరిచేసుకోవడం. ఒక రోజు పెట్టుకుని, రెండు వర్గాల నుంచి ఒక్కో డైరెక్టర్‌ను, బ్యాంకు సూపర్‌వైజర్‌ను పిలిచి సంచులు, ఎరువులు, నగదు లెక్కపెట్టించండి. ‘ఫలానా తేదీన భౌతికంగా లెక్కించగా ఇంత ఉంది, చార్జ్ లిస్టులో ఇంత ఉంది’ అని ఒక్క పేజీ చాలు. ఎవరి మీదా ఆరోపణ రాయకండి. ముగ్గురి సంతకాలు, చైర్మన్‌కు ఒక కాపీ, అందినట్టు ఆయన సంతకం, మీ ఇంట్లో ఒక కాపీ. ఆయన సంతకం పెట్టనంటే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. పాత సెక్రటరీ గారికి కూడా ఫోన్ చేయండి, గౌరవంగా. ఆయనకు గుర్తున్న సంగతులు ఉండొచ్చు, ఏ మిల్లు దగ్గర ఎన్ని సంచులు ఆగాయో.

లెక్క రోజు చీర కొంగు నడుముకు దోపుకుని నిచ్చెన ఎక్కండి. సంచుల కట్టలు ముందు నుంచి చూస్తే గోడలా నిండుగా ఉంటాయి. దొంతర పైకెక్కి టార్చి వేసి లోపలి వరసలు చూడండి, నడుమ ఖాళీ ఉంటుంది. కట్టకు ఎన్ని సంచులో పైన కట్టిన చీటీని నమ్మొద్దు, నాలుగైదు కట్టలు విప్పించి మీరే ఎంచండి. మేస్త్రిని పక్కన ఉంచుకోండి, ఆ రోజుకు అతనికి కూలి వోచరు రాయడం మరచిపోకండి.